ఫోన్ అప్‌డేట్లు మీరు చెప్పినప్పుడే జరగాలంటే

ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆఫ్ చేశాక కూడా డేటా కరిగిపోతోందనీ, తెల్లారేసరికి ఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అయి ఉంటోందనీ చాలామంది తల పట్టుకుంటారు. వాళ్లు మూసింది ఒక్క దారినే. ఆండ్రాయిడ్ ఫోన్‌లోకి అప్‌డేట్లు నాలుగు దారుల్లో వస్తాయి. యాప్‌లవి ప్లే స్టోర్ నుంచి వస్తాయి. కొన్ని యాప్‌లవి ఫోన్ కంపెనీ సొంత స్టోర్ నుంచి వస్తాయి. ఆండ్రాయిడ్ వెర్షన్లు, నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను పూడ్చే అప్‌డేట్లు) కంపెనీ సర్వర్ నుంచి వస్తాయి. ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ అనేది గూగుల్ నేరుగా పంపుతుంది. ఒక్కోదానికి సెట్టింగ్ ఒక్కో చోట ఉంటుంది. ఐఫోన్‌లో దారులు తక్కువే గానీ అక్కడా సెట్టింగ్స్ రెండు మూడు చోట్ల విడివిడిగా ఉంటాయి.

అన్నిటికీ తాళం వేసేయమని మాత్రం చెప్పం. ఏ నెట్‌వర్క్ మీద దిగాలి, ఏ వేళప్పుడు ఇన్‌స్టాల్ కావాలి అనేవి రెండూ మీ చేతిలోకి వస్తే సగం తలనొప్పి పోతుంది. మిగతా సగం ఏ యాప్‌ను ఆపాలో, ఏ యాప్‌ను అస్సలు ఆపకూడదో తెలుసుకోవడంలో ఉంది.

ముందు డేటా ఎటు పోతోందో చూడండి

సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే పెట్టెలో ‘డేటా యూసేజ్’ అని కొట్టండి. మొబైల్ డేటా వాడకం యాప్‌ల వారీగా కనిపిస్తుంది. గూగుల్ ప్లే స్టోర్ గానీ డౌన్‌లోడ్ మేనేజర్ గానీ పై వరుసలో ఉంటే యాప్‌ల అప్‌డేట్లే తినేస్తున్నాయన్నమాట. ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’, ‘అప్‌డేటర్’ లాంటి పేర్లుంటే సిస్టమ్ అప్‌డేట్ దిగుతోందని అర్థం. పైన యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ఉంటే మాత్రం మీ సమస్య అప్‌డేట్లు కావు. వాటిలో వీడియో క్వాలిటీ తగ్గించుకోండి, ఈ వ్యాసంతో మీకు పని లేదు.

ప్లే స్టోర్

1. ప్లే స్టోర్ తెరిచి పైన కుడి మూలనున్న మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి.
2. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్’ తెరవండి.
3. ‘ఆటో అప్‌డేట్ యాప్స్’ నొక్కండి. ఏ నెట్‌వర్క్ మీదైనా, వైఫై మీద మాత్రమే, పరిమిత మొబైల్ డేటా మీద, అసలు వద్దు అనే ఎంపికలు వస్తాయి. ‘పరిమిత మొబైల్ డేటా’ కొన్ని ఫోన్లలో కనిపించకపోవచ్చు.
4. అదే పేజీలో ‘యాప్ డౌన్‌లోడ్ ప్రిఫరెన్స్’ కూడా ఉంటుంది. దాన్ని ‘ప్రతిసారీ అడుగు’ మీద పెట్టండి. మీరే చేత్తో నొక్కిన అప్‌డేట్ మొబైల్ డేటా మీద పొరపాటున మొదలవకుండా ఇది ఆపుతుంది.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకు ‘వైఫై మీద మాత్రమే’ చాలు. వైఫై అనేదే లేక రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద బతికేవాళ్లు ‘అసలు వద్దు’ పెట్టుకుని, వారానికోసారి తామే చేసుకోవడం మేలు. ఆ రోజు డేటా ఎలాగూ మిగిలిపోతోందనిపించినప్పుడు, రాత్రి పడుకునే ముందు, ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘మేనేజ్ యాప్స్ అండ్ డివైస్’ తెరిచి, అప్‌డేట్లు ఉన్న యాప్‌ల జాబితా చూడండి. ఒక్కో యాప్ పక్కన సైజు రాసి ఉంటుంది. ‘అప్‌డేట్ ఆల్’ నొక్కకుండా ముఖ్యమైనవి నాలుగైదు ఏరుకుని చేయండి. రెండు వందల ఎంబీల ఆట యాప్ వచ్చే వారం చూసుకోవచ్చు.

వైఫై మీద పెట్టినా వారాల తరబడి ఏ యాప్ అప్‌డేట్ కాని ఫోన్లు కొన్ని ఉంటాయి. ఆటో అప్‌డేట్ మొదలవ్వాలంటే మామూలుగా ఫోన్ చార్జింగ్‌లో ఉండాలి, వైఫైకి తగిలి ఉండాలి, చేతిలో వాడుతూ ఉండకూడదు, ఆ యాప్ తెర మీద తెరిచి ఉండకూడదు. చార్జర్ పెట్టి రీల్స్ చూసే అలవాటున్నవాళ్ల ఫోన్‌లో ఇవన్నీ ఒకేసారి కుదిరే వేళే రాదు. వారంలో రెండు రాత్రులు వైఫై ఆన్‌లో ఉంచి, చార్జింగ్‌కు పెట్టి పక్కన పడేయండి. మిగతాది అదే చూసుకుంటుంది.

ఒక్క యాప్‌ను మాత్రమే ఆపాలంటే

ఇది చాలామందికి తెలియదు గానీ, ప్లే స్టోర్‌లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఆ యాప్ పేజీ తెరవండి. పైన కుడి మూల మూడు చుక్కలు నొక్కండి. ‘ఎనేబుల్ ఆటో అప్‌డేట్’ పక్కనున్న టిక్ తీసేయండి. మిగతా యాప్‌లన్నీ మామూలుగా అప్‌డేట్ అవుతాయి, ఇది మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఏవి ఆపొచ్చు? ఆటలు, ఓటీటీ యాప్‌లు, షాపింగ్, ఫొటో ఎడిటింగ్ యాప్‌లు. మీకు అలవాటైన డిజైన్‌ను మార్చేసే యాప్ ఏదైనా సరే. ఆపకూడనివి: వాట్సాప్, క్రోమ్ లాంటి బ్రౌజర్, ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే భాగం), కీబోర్డ్, బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు.

యూపీఐ యాప్‌ల గురించి కాస్త విడిగా చెప్పాలి. బ్యాంకు, పేమెంట్ యాప్‌లు పాత వెర్షన్‌ను సర్వర్ వైపు నుంచే నిలిపేయగలవు. తెరవగానే ‘అప్‌డేట్ చేస్తేనే ముందుకు’ అని తెర నిండా వస్తుంది, దాటేసే బటన్ ఉండదు. కిరాణా కొట్టు దగ్గర, వెనక నలుగురు నిలబడి ఉండగా, సిగ్నల్ ఒక గీత మీద ఉన్నప్పుడు ఇది ఎదురైతే చేసేదేమీ ఉండదు. అందుకే డేటా ఎంత పొదుపు చేసినా ఈ యాప్‌లకు మినహాయింపు ఇవ్వండి. వాట్సాప్ కూడా అంతే. పాత వెర్షన్‌కు గడువు తేదీ ఉంటుంది, అది దాటితే అప్‌డేట్ చేసేదాకా తెరుచుకోదు.

వాట్సాప్ విషయంలో ఇంకో కారణమూ ఉంది. 2019 మేలో బయటపడిన లోపంతో, ఒక్క వాట్సాప్ కాల్ చేసి, అవతలివాళ్లు ఎత్తకపోయినా ఫోన్‌లోకి పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ చొప్పించగలిగారు. లోపాన్ని సరిచేసింది అప్‌డేటే. అప్‌డేట్ చేసుకోనివాళ్ల ఫోన్లు ఆ తర్వాత కూడా అలాగే తెరిచి ఉన్నాయి.

‘అసలు వద్దు’ అని పెట్టినా గూగుల్ ప్లే సర్వీసెస్, ప్లే స్టోర్ యాప్ తమను తాము అప్‌డేట్ చేసుకుంటూనే ఉంటాయి. తీవ్రమైన భద్రతా లోపం ఉంటే వేరే యాప్‌ను కూడా గూగుల్ అప్‌డేట్ చేయొచ్చు. వాటిని ఆపే ప్రయత్నం చేయకండి. ప్లే సర్వీసెస్‌ను డిసేబుల్ చేస్తే నోటిఫికేషన్లు, లొకేషన్, లాగిన్లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి.

కంపెనీ సొంత స్టోర్లు

శామ్‌సంగ్‌లో గెలాక్సీ స్టోర్, షియోమీలో గెట్‌యాప్స్ (2025 నుంచి దాని బదులు ఇండస్ యాప్‌స్టోర్), వివోలో వి-యాప్‌స్టోర్, ఒప్పో, రియల్‌మీల్లో యాప్ మార్కెట్ ఉంటాయి. ఫోన్‌తో పాటు వచ్చిన కొన్ని యాప్‌లను ఇవే అప్‌డేట్ చేస్తాయి. ఒక్కోసారి ప్లే స్టోర్ నుంచి మీరు వేసుకున్న యాప్ మీద కూడా చెయ్యి వేస్తాయి. గెలాక్సీ స్టోర్‌లో మెనూ తెరిచి, సెట్టింగ్స్ గేర్ గుర్తు నొక్కి, ‘ఆటో అప్‌డేట్ యాప్స్’లో వైఫై మాత్రమే గానీ ఎప్పుడూ వద్దు గానీ ఎంచుకోండి. మిగతావాటిలోనూ ప్రొఫైల్ లేదా ‘మి’ (Me) పేజీ నుంచి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఇలాంటిదే ఉంటుంది. అదే పేజీలో యాప్ సిఫార్సులు, నోటిఫికేషన్లు కూడా ఆపేయండి. అప్‌డేట్ అనుకుని నొక్కితే కొత్త యాప్ ఇన్‌స్టాల్ అయ్యే గొడవ అక్కడే మొదలవుతుంది.

ఆండ్రాయిడ్ సిస్టమ్ అప్‌డేట్

రాత్రికి రాత్రి ఫోన్ రీస్టార్ట్ అవడానికి ఎక్కువగా కారణమయ్యేది ఇదే. సెట్టింగ్ పేరు కంపెనీని బట్టీ వెర్షన్‌ను బట్టీ మారుతుంది. దొరక్కపోతే సెట్టింగ్స్ వెతుకులాట పెట్టెలో ‘అప్‌డేట్’ అని కొట్టండి.

శామ్‌సంగ్: సెట్టింగ్స్‌లో కిందకి జరిపి ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ తెరిచి, ‘ఆటో డౌన్‌లోడ్ ఓవర్ వైఫై’ ఆఫ్ చేయండి. ఇక కొత్త ప్యాచ్ వచ్చినప్పుడు ‘డౌన్‌లోడ్ అండ్ ఇన్‌స్టాల్’ మీరే నొక్కాలి. డౌన్‌లోడ్ అయ్యాక ఇన్‌స్టాల్‌కు టైమ్ షెడ్యూల్ చేసుకునే వీలుంటుంది.

షియోమీ, రెడ్‌మీ, పోకో: ‘అబౌట్ ఫోన్’ తెరిచి, మీయూఐ లేదా హైపర్‌ఓఎస్ అని రాసి ఉన్న పెట్టె నొక్కండి. అప్‌డేట్ పేజీ వచ్చాక పైన మూడు చుక్కలు నొక్కి అప్‌డేట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ఆటో డౌన్‌లోడ్, ఆటో అప్‌డేట్ విడివిడిగా ఉంటాయి. మొదటిది ఒక్కటే ఆఫ్ చేసి వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్, వివో: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీలో పైనున్న గేర్ గుర్తో మూడు చుక్కలో నొక్కితే వైఫై మీద ఆటో డౌన్‌లోడ్, రాత్రిపూట ఆటో ఇన్‌స్టాల్ అనే అర్థం వచ్చే రెండు స్విచ్‌లు కనిపిస్తాయి. తప్పకుండా ఆఫ్ చేయాల్సింది రాత్రిపూటదే.

దీంతో పాటు డెవలపర్ ఆప్షన్స్‌లో (యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం ఫోన్‌లో దాచి ఉంచిన సెట్టింగ్స్) ఒక స్విచ్ ఉంది. ‘అబౌట్ ఫోన్’లో ‘బిల్డ్ నంబర్’ను వరసగా ఏడు సార్లు నొక్కండి (శామ్‌సంగ్‌లో అది ‘సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్’ లోపల ఉంటుంది, షియోమీలో ఓఎస్ వెర్షన్ మీద నొక్కాలి). పిన్ అడుగుతుంది, ఇవ్వండి. తర్వాత డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ‘ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్’ ఆఫ్ చేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఇది డౌన్‌లోడ్‌ను ఆపదు. దిగిన అప్‌డేట్ ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు దానంతటదే అమలు కాకుండా మాత్రమే ఆపుతుంది. పిక్సెల్ లాంటి ఫోన్లలో అప్‌డేట్ మీరు ఫోన్ వాడుతుండగానే వెనక రెండో భాగంలో ఇన్‌స్టాల్ అయిపోయి, రీస్టార్ట్ కోసం కాచుకుని ఉంటుంది. అలాంటి ఫోన్లలో ఈ స్విచ్ నిజంగా పనికొస్తుంది. పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్‌ను మళ్లీ ఆఫ్ చేయండి అని చాలాచోట్ల చదువుతుంటారు. అలా చేస్తే అందులో మార్చినవి పాత స్థితికి పోవచ్చు. కాకపోతే కొన్ని బ్యాంకు యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు. మీ బ్యాంకు యాప్ అలా మొరాయిస్తే ఈ స్విచ్ సంగతి వదిలేయండి. కంపెనీ పేజీలో రాత్రి ఇన్‌స్టాల్ ఆఫ్ చేసింది చాలు.

కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి అప్‌డేట్ సర్వీస్‌నే పీకేసే పద్ధతులు కూడా యూట్యూబ్‌లో తిరుగుతుంటాయి. సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా రాకుండా పోతాయి కాబట్టి రోజువారీ ఫోన్‌కు అది వద్దు.

గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలైంది. సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ అండ్ ప్రైవసీ’ కింద దీని తేదీ కనిపిస్తుంది. దీన్ని పూర్తిగా ఆపే మామూలు స్విచ్ లేదు. ఇది అప్పుడప్పుడు దిగి, మీరు తర్వాతెప్పుడో ఫోన్ రీస్టార్ట్ చేసినప్పుడు అమల్లోకి వస్తుంది. రోజులో డేటా ఎక్కువ తినేది ఇది కాదు, దీని వెంటపడి ప్రయోజనం లేదు.

ఐఫోన్

సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, ఆటోమేటిక్ అప్‌డేట్స్ వరసగా తెరవండి. అక్కడ ఆటోమేటిక్ ఇన్‌స్టాల్, ఆటోమేటిక్ డౌన్‌లోడ్ వేర్వేరుగా ఉంటాయి. ఇన్‌స్టాల్ ఆఫ్ చేసి డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంచితే అప్‌డేట్ దిగి కూర్చుని కొన్ని జీబీల స్టోరేజ్ తినేస్తుంది. 64 జీబీ ఫోన్ ఉన్నవాళ్లు రెండూ ఆఫ్ చేయడమే నయం. భద్రతకూ సిస్టమ్ ఫైళ్లకూ సంబంధించిన స్విచ్ విడిగా కనిపిస్తే దాన్ని ఆన్‌లోనే ఉంచండి. అవి చిన్నవి, ముఖ్యమైనవి.

ఇప్పటికే దిగిపోయిన అప్‌డేట్‌ను తీసేయాలంటే జనరల్‌లో ‘ఐఫోన్ స్టోరేజ్’ తెరవండి. యాప్‌ల జాబితాలో ఐఓఎస్ వెర్షన్ పేరుతో ఒక అంశం ఉంటుంది. దాన్ని నొక్కి ‘డిలీట్ అప్‌డేట్’ చేయండి. ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే రెండు రోజుల్లో మళ్లీ వచ్చి కూర్చుంటుంది, కాబట్టి ముందు ఆ స్విచ్ సంగతి చూడండి.

ఒక చోట కాస్త జాగ్రత్త. అప్‌డేట్ సిద్ధంగా ఉందన్న పెట్టె వచ్చినప్పుడు ‘లేటర్’ నొక్కితే రెండు ఎంపికలు వస్తాయి: ‘రిమైండ్ మీ లేటర్’, ‘ఇన్‌స్టాల్ టునైట్’. రెండోది నొక్కినా, తర్వాత అడిగిన పాస్‌కోడ్ కొట్టినా ఆ రాత్రికి ఇన్‌స్టాల్ చేయమని మీరు ఒప్పుకున్నట్టే. తొందరలో పాస్‌కోడ్ కొట్టేసి, పొద్దున్నే ‘నేనేం చెయ్యలేదు’ అనేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

యాప్‌ల కోసం సెట్టింగ్స్‌లో యాప్ స్టోర్ తెరవండి. ఐఓఎస్ 18 నుంచి అది ‘యాప్స్’ అనే విభాగం లోపలికి వెళ్లింది. ‘యాప్ అప్‌డేట్స్’ ఆఫ్ చేయొచ్చు, లేదా అది ఆన్‌లో ఉంచి మొబైల్ డేటా కింద ఉన్న ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ మాత్రం ఆఫ్ చేయొచ్చు. రెండోదే చాలామందికి సరిపోతుంది. ఆండ్రాయిడ్‌లోలా ఒక్క యాప్‌ను విడిగా ఆపే వీలు ఇక్కడ లేదు.

5జీ ఐఫోన్ అయితే మొబైల్ డేటా ఆప్షన్స్‌లో ‘డేటా మోడ్’ కూడా చూడండి. ‘అలౌ మోర్ డేటా ఆన్ 5జీ’ ఎంచుకుని ఉంటే ఐఓఎస్ అప్‌డేట్లు కూడా సిమ్ డేటా మీద దిగొచ్చు. ‘స్టాండర్డ్’ పెట్టుకోండి. అన్‌లిమిటెడ్ 5జీ ఉంది కదా అనుకోవద్దు. ఇంట్లో లోపలి గదిలోకి వెళ్లగానే ఫోన్ 4జీకి దిగుతుంది, అప్పుడు కరిగేది రోజువారీ కోటానే.

హాట్‌స్పాట్ దగ్గర మోసపోతారు

‘వైఫై మీద మాత్రమే’ అని పెట్టిన ఫోన్‌కు ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చారనుకోండి. మీ ఫోన్‌కు అదీ వైఫైయే. అరగంటలో అవతలివాళ్ల రోజు కోటా ఖాళీ, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. పెళ్లికో ఊరికో వెళ్లినప్పుడు బావగారి ఫోన్ నుంచి హాట్‌స్పాట్ తీసుకుంటే జరిగేది ఇదే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు ఎదుటిది హాట్‌స్పాట్ అని పసిగడతాయి గానీ, దాన్ని నమ్ముకోలేం.

ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, ‘నెట్‌వర్క్ యూసేజ్’ లేదా ‘మీటర్డ్ నెట్‌వర్క్’ అన్నచోట ‘ట్రీట్ యాజ్ మీటర్డ్’ (అంటే డేటా లెక్క చూసుకుని వాడాల్సిన నెట్‌వర్క్) ఎంచుకోండి. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కి ‘లో డేటా మోడ్’ ఆన్ చేయండి. ఒక్కసారి పెడితే ఆ హాట్‌స్పాట్‌కు ఎప్పుడు తగిలినా ఫోన్ దాన్ని మొబైల్ డేటాలాగే చూస్తుంది. నెలకింత అని లిమిట్ ఉన్న బ్రాడ్‌బ్యాండ్‌కూ ఇదే పద్ధతి.

రాత్రి రీస్టార్ట్‌తో వచ్చే చిక్కు

రీస్టార్ట్ అయిన ఫోన్‌లో మీరు పిన్ కొట్టేదాకా లోపలి డేటా తాళం వేసే ఉంటుంది. కాల్స్ వస్తాయి గానీ, కాంటాక్ట్స్ తెరుచుకోక పేరుకు బదులు నంబర్ మాత్రమే కనిపించొచ్చు. వాట్సాప్ మెసేజ్‌లు, కాల్స్ రావు. ఫోన్‌తో వచ్చిన అలారం మామూలుగా మోగుతుంది గానీ, మీరు విడిగా వేసుకున్న అలారం యాప్ మోగుతుందన్న హామీ లేదు. సిమ్‌కు పిన్ లాక్ పెట్టుకుని ఉంటే ఆ పిన్ కొట్టేదాకా అసలు నెట్‌వర్కే ఉండదు, కాల్స్ కూడా రావు. తెల్లవారుజామున రైలుకో విమానానికో వెళ్లాలన్నా, ఆస్పత్రిలో ఎవరైనా ఉన్నా, ఆ రాత్రికి ఆటో ఇన్‌స్టాల్ ఆఫ్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది. ఊళ్లో ఒంటరిగా ఉండే తల్లిదండ్రుల ఫోన్‌ను అమెరికా నుంచో బెంగళూరు నుంచో చూసుకునే పిల్లలు కూడా రాత్రి ఇన్‌స్టాల్ ఆఫ్ చేయించి, పగటి పూట ఫోన్‌లో మాట్లాడుతూ దగ్గరుండి చేయించడం నయం. యాప్‌ల ఆటో అప్‌డేట్ మాత్రం వాళ్లకు ఆన్‌లోనే ఉంచండి. చేత్తో చేసుకోమంటే చేసుకోరు.

పెద్ద అప్‌డేట్ నొక్కే ముందు

నెలవారీ ప్యాచ్ కొన్ని వందల ఎంబీలు ఉంటుంది. ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్ మారేది కొన్ని జీబీలు ఉంటుంది. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకండి. ప్యాచ్‌ను రెండు మూడు రోజుల్లో వేసుకోండి. వెర్షన్ మార్పును రెండు మూడు వారాలు ఆపడంలో తప్పులేదు. ఆపడానికి కారణాలు ఉన్నాయి: 2014 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 8.0.1 వేసుకున్న ఐఫోన్ 6ల్లో సిగ్నల్ పోయింది, వేలిముద్ర పని చేయలేదు. ఆపిల్ ఆ అప్‌డేట్‌ను గంటకు కాస్త అటూఇటూగా వెనక్కి తీసుకుంది. ఒక్కరోజు ఆగినవాళ్లకు ఆ బాధ తగల్లేదు. అలాగని నెలల తరబడి ఆగితే వేరే నష్టం. 2022 అక్టోబర్‌లో మన దేశంలో 5జీ మొదలైనప్పుడు, 5జీ ఫోన్ చేతిలో ఉన్నా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చేదాకా చాలా మోడళ్లకు ఆ సిగ్నల్ అందలేదు. ఐఫోన్లకైతే అదే ఏడాది డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2తో వచ్చింది.

అప్‌డేట్ వేసే రోజు:

ముందు బ్యాకప్. ఫొటోలు, కాంటాక్ట్స్, వాట్సాప్ చాట్ బ్యాకప్ తేదీ చూసుకోండి.

డౌన్‌లోడ్ సైజుకు కనీసం రెండింతలు స్టోరేజ్ ఖాళీగా ఉంచండి. 3 జీబీ అప్‌డేట్‌కు 3 జీబీ ఖాళీ చాలదు, విప్పడానికి కూడా చోటు కావాలి. ‘ఇన్‌స్టాల్ ఫెయిల్డ్’ రావడానికి తరచూ కారణం ఇదే.

చార్జ్ 50 శాతానికి పైనే ఉండాలి. చార్జర్ పెట్టి ఉంచితే ఇంకా మంచిది, కానీ దిండు కింద, ఎండలో, మందపాటి కవర్‌తో వద్దు. అప్‌డేట్ సమయంలో ఫోన్ వేడెక్కుతుంది.

మధ్యలో లోగో దగ్గర చాలాసేపు ఆగినట్టు కనిపించినా పవర్ బటన్ నొక్కి పట్టుకోకండి. పాత ఫోన్లలో అరగంట పట్టడం మామూలే.

‘అప్‌డేట్ చేస్తే స్క్రీన్ మీద గ్రీన్ లైన్ వస్తుందంట’ అనే మాట మొబైల్ షాపుల్లో బాగా వినిపిస్తుంది. అమోలెడ్ స్క్రీన్లున్న కొన్ని మోడళ్లలో అప్‌డేట్ తర్వాత గీత వచ్చిందని మన దేశంలో చాలా ఫిర్యాదులు వచ్చిన మాట నిజం. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్లకు ఉచితంగా స్క్రీన్ మార్చి ఇచ్చాయి కూడా. గీత రావడం స్క్రీన్ హార్డ్‌వేర్ లోపం కాబట్టి అప్‌డేట్ తీసేసినా పోదు. మీ మోడల్‌కు ఇలాంటి ఉచిత పథకం ఉందేమో సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కోండి. బయట షాపులో ఫోన్ విప్పిస్తే అది వర్తించకపోవచ్చు.

అప్‌డేట్ తర్వాత ఏదైనా చెడితే

మొదటి రెండు మూడు రోజులు బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఫోన్ కాస్త వెచ్చగా ఉంటుంది. యాప్‌లను కొత్త వెర్షన్‌కు సర్దుకోవడం, ఫొటోలను మళ్లీ లెక్కగట్టుకోవడం వెనక జరుగుతుంటాయి. వారం దాటినా తగ్గకపోతే అప్పుడు ఆలోచించండి.

యాప్‌లు తెరవగానే మూతపడుతుంటే ముందు ప్లే స్టోర్‌లో మిగతా యాప్‌లను కూడా అప్‌డేట్ చేయండి, తర్వాత ఆ యాప్ క్యాష్ (అది దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు) క్లియర్ చేయండి. ఫోన్‌తో పాటు వచ్చిన యాప్ అయితే సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, దాన్ని నొక్కి, మూడు చుక్కల్లో ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ చేస్తే ఫోన్‌తో వచ్చిన పాత వెర్షన్‌కు వెళ్తుంది. 2021 మార్చిలో సరిగ్గా ఇదే అవసరపడింది. వెబ్‌వ్యూ అప్‌డేట్‌లో తప్పు దొర్లి ప్రపంచమంతా ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్‌తో సహా బోలెడు యాప్‌లు కూలిపోయాయి. వెబ్‌వ్యూ అప్‌డేట్ తీసేసినవాళ్లకు వెంటనే కుదుటపడింది, మిగతావాళ్లకు గూగుల్ కొత్త అప్‌డేట్ పంపాక. మీరు వేసుకున్న మామూలు యాప్‌లకు ఈ వెసులుబాటు లేదు.

సిస్టమ్ వెర్షన్‌ను వెనక్కి తీసుకెళ్లడం మాత్రం మామూలు వాడకందారు చేయగల పని కాదు. ఆపిల్ కొత్త వెర్షన్ వచ్చిన కొన్నాళ్లకే పాతదానికి ఆమోదం ఆపేస్తుంది. ఆండ్రాయిడ్ కంపెనీలు కూడా పాతదానికి పోకుండా అడ్డం పెడతాయి, బలవంతంగా చేస్తే ఫోన్ డేటా మొత్తం పోతుంది, ఫోనే లేవకపోవచ్చు కూడా.

ప్లే స్టోర్‌లో ‘పెండింగ్’ అని గంటల తరబడి ఉంటే: జాబితాలో ముందున్న పెద్ద డౌన్‌లోడ్‌ను రద్దు చేయండి, స్టోరేజ్ చూడండి, మీరున్నది మీటర్డ్ వైఫై కాదు కదా చూడండి. అప్పటికీ కదలకపోతే సెట్టింగ్స్‌లో ప్లే స్టోర్ యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేసి క్యాష్ తీసేయండి.

ఆఫీసు ఇచ్చిన ఫోన్‌లో సెట్టింగ్స్ బూడిదరంగులో కదలకుండా ఉంటే, లేదా ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కనిపిస్తే, అప్‌డేట్ అధికారం మీ ఐటీ విభాగానిది. ఆండ్రాయిడ్‌లో వాళ్లు సిస్టమ్ అప్‌డేట్‌ను 30 రోజులు వాయిదా వేయగలరు. వాళ్లను అడగడం తప్ప వేరే దారి లేదు.

దొంగ అప్‌డేట్లు

ఆటో అప్‌డేట్ ఆపుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అప్‌డేట్ ఎప్పుడూ వాట్సాప్‌లో, ఎస్‌ఎంఎస్‌లో ఫైలుగా రాదు. ‘బ్యాంకు కేవైసీ అప్‌డేట్’, ‘ఆర్టీవో చలానా’, ‘పీఎం కిసాన్’ పేర్లతో ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేవి) వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా సరే, వాళ్ల ఫోన్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతికి, అందులో వాట్సాప్, బ్రౌజర్, ఫైల్ మేనేజర్ అన్నిటికీ అనుమతి ఆఫ్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడండి.

ఎవరైనా పొరపాటున అలాంటిది వేసేసి ఉంటే:

1. వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆఫ్ చేయండి. ఓటీపీలు బయటికి పోవడం ఆగుతుంది.
2. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా, యూపీఐ నిలిపేయమనండి.
3. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.
4. ఫోన్‌లో ఆ యాప్‌ను తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడు పడకపోతే సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ వెతికి, అక్కడ దాని టిక్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీదున్నది చదివి, మీ బదులు నొక్కగలిగేది) ఇచ్చి ఉంటే అదీ ఆఫ్ చేయండి.
5. నెట్‌వర్క్ తిరిగి ఆన్ చేశాక ##002# డయల్ చేయండి, కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే రద్దవుతుంది.
6. ఫొటోలు, కాంటాక్ట్స్ మాత్రం దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ ఆ తర్వాతే మార్చండి, ముందు మార్చితే కొత్తవి కూడా వాళ్లకే చేరతాయి.